చిన్న గదిలో గోడ మంచం: బరువు నేలకి, పట్టు గోడకి

మా తాత పొద్దున్నే లేచి చేసే మొదటి పని దుప్పటి దులిపి నులక మంచాన్ని గోడకి నిలబెట్టడం. రాత్రి ఆయన పడుకున్న చోటే పగలు నానమ్మ చేట పట్టుకుని కూర్చునేది, పిల్లలం అక్కడే గోళీలాడేవాళ్లం. ఒకే చోటు రాత్రి పడకగది, పగలు వసారా. గోడకి మడిచే మంచం కొత్త వింతేమీ కాదు. మంచాన్ని ఎత్తి పక్కన పెట్టే బదులు ఉన్నచోటే తిరిగేలా ఇరుసు పెడతాం, అంతే తేడా.

శ్రీకాకుళం గుజరాతీపేటలో మా ఇంటి ముందుగది పదడుగులకి పదకొండు అడుగులు. రథసప్తమికి అరసవల్లి వెళ్లడానికి చుట్టాలందరూ ముందురోజు రాత్రే మా ఇంట్లో దిగుతారు. చాపలేసి సర్దుకునేవాళ్లం. అమ్మకి మోకాళ్లు పట్టేశాక మాత్రం కింద పడుకుని లేవడం ఆవిడ వల్ల కాలేదు. పగలు అడ్డం లేకుండా, రాత్రి అమ్మకి పద్దెనిమిది అంగుళాల ఎత్తున పడక కావాలి. అందుకే ఈ మంచం చేశాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి అవసరమే ఉంటే నేను చేసిన కొలతలతోనే చెబుతాను, మీ గదికి తగ్గట్టు మార్చుకోండి.

ఇరుకు గదుల వాళ్లు ఈ ఆలోచన ఎప్పటినుంచో చేస్తున్నారు. అమెరికాలో షికాగోకి చెందిన సారా గూడ్ రాతబల్లలా మడతపడే మంచానికి 1885లోనే పేటెంట్ తీసుకుంది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ తెచ్చిన గోడ మంచాలు ఎంత పేరు పొందాయంటే, ఇప్పటికీ వాటిని అక్కడ మర్ఫీ మంచాలనే అంటారు. అవి తలవైపు ఇరుసుతో నిట్టనిలువుగా లేస్తాయి. మనం చేయబోయేది పక్కకి మడిచేది. గోడ పొడవునా పడుకుంటాం, పక్క అంచు పట్టుకుని ఎత్తుతాం. స్ప్రింగులు, పిస్టన్లు అక్కర్లేదు. ఎత్తు నాలుగడుగుల చిల్లరే కాబట్టి పైన ఫోటోలు, గడియారం కదపక్కర్లేదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉత్తరం తల పెట్టకూడదని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు కదా. నిలువుగా లేచే మంచానికి తల ఎప్పుడూ గోడవైపే, గోడ ఉత్తరానిదైతే కుదరదు. పక్కకి మడిచే దానికి ఆ చిక్కు లేదు. గోడ తూర్పు పడమరలుగా ఉంటే తూర్పు తల, ఉత్తర దక్షిణాలుగా ఉంటే దక్షిణం తల. ఏ గోడైనా ఒక కొస మనకి పనికొస్తుంది.

గోడ సంగతి ముందు

మొదటిసారి నేను తప్పు చేశాను. మంచం లోపలికి మడిచే గూడు (నేల మీద నిలబడే చెక్క పెట్టె) లేకుండా, గోడకి మూడంగుళాల చెక్కపట్టీ కొట్టి, దానికి బందులతో మంచాన్ని తగిలించాను. పాత ఇల్లు, గానుగ సున్నంతో కట్టిన గోడ. నైలాన్ ప్లగ్గులు బాగానే దిగాయి. నాలుగో రోజు సాయంత్రం మంచం దించుతుంటే కుడి వైపు పట్టీ గోడ నుంచి ఊడి, దాంతోపాటు దోసెడు తెల్లటి పొడి రాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం. పిలిచి చూపిస్తే వడ్రంగి మేస్త్రి బెజ్జంలో వేలు పెట్టి చూసి ఒకే మాటన్నాడు. "బాబూ, మంచం అంతా గోడకే ఏలాడదీసేస్తే ఎలాగ? బరువు నేల మొయ్యాల, గోడ పట్టుకోవాల. అంతే."

ఈ మాట లెక్కలో కూడా నిజమే. పరుపుతో కలిపి మంచం నలభై కిలోలనుకోండి. దాన్ని దించుతూ, కాళ్లు ఆనకముందు నేలకి సమాంతరంగా పట్టుకుంటే బరువు కేంద్రం ఇరుసుకి పదహారు అంగుళాల దూరంలో ఉంటుంది. మూడంగుళాల పట్టీ మీద ఆ పదహారు అంగుళాల మీట పనిచేస్తే, పై స్క్రూల మీద పడే లాగుడు రెండు వందల కిలోలు దాటుతుంది. అదే మంచాన్ని నేల మీద నిలబడే పది అంగుళాల లోతు గూటిలో పెట్టి, గూడు పైభాగాన్ని మాత్రమే గోడకి కట్టేస్తే, పై బోల్టుల మీద లాగుడు పది కిలోల లోపే. కాళ్లు దిగకముందే ఎవరైనా తెలియక అంచు మీద కూర్చున్నా యాభై కిలోల దగ్గర ఆగుతుంది. మొదటిది ఏ పాత గోడా తట్టుకోదు. రెండోదాన్ని దాదాపు ఏ గోడైనా తట్టుకుంటుంది.

అయినా గోడని పరీక్షించండి. మంచం వచ్చే చోట, ఎవరికీ కనిపించని కింది భాగంలో, సన్న బిట్టుతో ఒక బెజ్జం పెట్టి రాలే పొడి చూడండి. ముందు అర అంగుళం నుంచి ముప్పావు దాకా బూడిద రంగు పొడి వస్తుంది, అది ప్లాస్టరింగు. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే కాల్చిన ఇటుక. బూడిద రంగే కొనసాగితే ఫ్లై యాష్ ఇటుక గానీ, సిమెంటు దిమ్మె గానీ, లేదా కాంక్రీటు స్తంభం గానీ. తెల్లగా మెత్తగా వస్తే సున్నం గోడ. ఉన్నట్టుండి డ్రిల్లు లోపలికి జారిపోతే అది గుల్ల దిమ్మె. పొడి ముద్దకట్టి బిట్టుకి అంటుకుంటే గోడలో చెమ్మ ఉందన్నమాట.

మన జిల్లాలో చెమ్మని తేలిగ్గా తీసుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాన గోడల్ని అడ్డంగా కొట్టింది. అలాంటి గాలివానకి తడిసిన బయటి గోడలు నెలల తరబడి ఆరవు. వీలైతే మంచానికి లోపలి గోడ ఎంచుకోండి, బయటి గోడే దిక్కైతే ఉప్పు పొంగిన మరకలు ఉన్న చోటు వదిలేయండి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా నిలువు గీతలో డ్రిల్లు పెట్టకండి, లోపల కరెంటు పైపు ఉంటుంది.

కొలతలు

అన్నీ అంగుళాల్లో చెబుతున్నాను, మన మేస్త్రీలు మాట్లాడేది అదే. అంగుళానికి ఎనిమిది నూళ్లు.

పరుపు 75 పొడవు, 36 వెడల్పు, 4 మందం. మడిచినప్పుడు గూడు గోడ నుంచి పదంగుళాలే ముందుకొస్తుంది. దించినప్పుడు మూడున్నర అడుగులు వస్తుంది. గోడ పొడవునా ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఖాళీ కావాలి. ముందు సుద్దముక్కతో నేల మీద ఈ కొలత గీసి, రెండు రోజులు అలాగే ఉంచండి. తలుపు రెక్క ఆ గీతలోకి వస్తోందా, రాత్రి నీళ్లకి లేచినవాళ్లు వెళ్లడానికి దారి ఉందా అన్నది కాగితం మీద తెలీదు, నడిస్తేనే తెలుస్తుంది.

పరుపు కూర్చునేది చట్రం, అది తిరిగేది గూడు. చట్రం బయటి కొలత 77కి 38, దాని పక్క చెక్కల ఎత్తు 5. గూడు పక్క పలకలు రెండూ 10 వెడల్పు, 51 ఎత్తు. వాటి మధ్య లోపలి దూరం 77న్నర, అంటే చట్రానికి రెండు వైపులా రెండేసి నూళ్ల సందు. ఈ సందు తగ్గించకండి. వేసవిలో బాగా పడే తలుపు శ్రావణంలో ఎలా పట్టేస్తుందో మీకు తెలుసు. మంచం కూడా అంతే.

చెక్క, పరుపు

18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒకటి, 12 మి.మీ. షీటు ఒకటి చాలు. షీటు ఎనిమిదడుగులకి నాలుగడుగులు. కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఉన్న అంకె చదవండి. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానిది, ఐఎస్ 710 అంటే నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లకి 710 తీసుకోండి. అంచు వైపు తిప్పి పొరలు చూడండి. పొరల మధ్య నల్లటి ఖాళీలు కనిపిస్తే ఆ షీటు వద్దు, స్క్రూ పట్టదు. ఒక దుకాణంలో గుర్తు లేని షీటు మెరైనేనని చెప్పి అమ్మితే నమ్మి తెచ్చాను. ఒక్క వానాకాలానికే అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి.

18 మి.మీ. షీటుని ఇలా కోయించండి. పొడవునా 5 అంగుళాల పట్టీలు రెండు, వాటిని 77కి కోస్తే చట్రం పొడుగు చెక్కలు. 10 అంగుళాల పట్టీ ఒకటి, 79కి కోస్తే గూడు పై పలక. మరో రెండు 10 అంగుళాల పట్టీల్లోంచి 51 చొప్పున గూడు పక్క పలకలు, మిగిలిన ముక్కల్లో ఒకదాన్ని రెండుగా చీలిస్తే 5కి 36న్నర చట్రం పొట్టి చెక్కలు. ఇంకో 5 అంగుళాల పట్టీ 77న్నరకి, అది గోడకి బిగించే పై పట్టీ. రంపం తినేది పోగా రెండంగుళాల ముక్క మిగులుతుంది. పెద్ద రంపం ఉన్న సా మిల్లులోనో ప్లైవుడ్ దుకాణంలోనో కోయించుకుంటే అంచులు తిన్నగా వస్తాయి. చేతిరంపంతో ఎనిమిదడుగులు తిన్నగా కోయడం ఎంత పనిమంతుడికైనా కష్టమే.

కాళ్లకీ, కింది గోడపట్టీకీ టేకు గానీ, బాగా ఆరిన వేప గానీ వాడండి.

పరుపు విషయంలో ఒకటే మాట. ఇంట్లో ఉన్న పత్తి పరుపూ బూరుగు దూది పరుపూ దీనికి పనికిరావు. రోజూ పక్కకి నిలబెడితే దూది అంతా ఒక వైపుకి జారి, నెల తిరిగేసరికి ఒక అంచు మూటలా, ఇంకో అంచు ఖాళీ గలేబులా తయారవుతుంది. పైగా పదిహేను ఇరవై కిలోల బరువు. 40 డెన్సిటీ ఫోమ్ పరుపు ఈ కొలతకి ఏడు కిలోలే తూగుతుంది, ఆకారం చెడదు. డెన్సిటీ అంటే ఒక ఘనమీటరుకి ఎన్ని కిలోలో ఆ అంకె. పరుపుని తూకం వేయించి మీరే సరిచూసుకోవచ్చు.

చట్రం

రెండు పొడుగు చెక్కల మధ్య రెండు పొట్టి చెక్కలు పెట్టి, ఫెవికాల్ రాసి, ఒక్కో మూలకి మూడేసి రెండంగుళాల స్క్రూలు వేయండి. ముందు సన్న బెజ్జం పెట్టకుండా స్క్రూ దించితే ప్లైవుడ్ అంచు చీలుతుంది. బిగించే ముందు మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టండి. రెండూ 85 అంగుళాల 7 నూళ్లు రావాలి. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వస్తే చట్రం వంకర పోయిందని అర్థం, పొడుగు వచ్చిన మూలల్ని దగ్గరికి నొక్కి మళ్లీ కొలవండి. ఇక్కడ రెండు నూళ్లు వదిలేస్తే గూటిలో పెట్టినప్పుడు ఒక మూల రాసుకుంటుంది. ఆ తర్వాత దాన్ని సరిచేయడానికి చిత్రిక పట్టి పట్టి చేతులు నొప్పెడతాయి.

లోపల చుట్టూ ఒకటిన్నర అంగుళం మందం పట్టీ, చెక్కల కింది అంచుకి సమానంగా కొట్టండి. అడ్డంగా పదిహేనేసి అంగుళాలకి ఒకటి చొప్పున నాలుగు బద్దీలు. వాటి మీద 12 మి.మీ. పలక పరిస్తే పైన మూడంగుళాల లోతు మిగులుతుంది. నాలుగంగుళాల పరుపు ఒక అంగుళం పైకి వస్తుంది కాబట్టి కూర్చున్నప్పుడు చెక్క అంచు తొడకి ఒరుసుకోదు.

ఈ పలకకి బెజ్జాలు తప్పనిసరి. మనిషి పడుకున్నప్పుడు చెమట పరుపులోకి దిగుతుంది, కింద గాలి ఆడకపోతే బూజు పడుతుంది. అంగుళం హోల్‌సా బిట్టుతో, బద్దీలు తగలకుండా, జానెడుకొకటి పెట్టండి. మంచం మడిస్తే ఈ పలక అడుగుభాగమే గదివైపు కనిపిస్తుంది. అందుకని మా ఇంట్లో అమ్మ సుద్దతో ముగ్గు చుక్కలు పెట్టింది, ఒక్కో గడిలో ఐదు నుంచి ఒకటి దాకా. ఆ చుక్కల మీదే బెజ్జాలు వేశాను. వచ్చినవాళ్లు అలంకారమనుకుంటారు, పరుపుకి మాత్రం అదే ఊపిరి.

గూడు, ఇరుసు

పక్క పలకలు రెండూ, పైన పలక, వెనక గోడవైపు పైన ఐదంగుళాల ప్లైవుడ్ పట్టీ, అడుగున మూడంగుళాల టేకు పట్టీ. వెనక మూత వేయకండి, గాలి పోవాలి. గోడ అడుగున స్కర్టింగు టైలు ముందుకి పొడుచుకొస్తుంది కదా, పక్క పలకల వెనక కింది మూలని అంతమేర కోసేస్తే గూడు గోడకి అతుక్కుని నిలుస్తుంది. పక్క పలకల కింద వేలెడు వెడల్పు గ్రానైట్ ముక్కలు పెట్టండి. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ ప్లైవుడ్ అంచు నీరు పీలుస్తుంది, చెదలు వచ్చేదీ ఆ దారినే. టెక్కలి వైపు గ్రానైట్ పాలిషు పట్టే చోట్ల ఇలాంటి ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. ముక్క మందం ఎంతో పలక ఎత్తులో అంత తగ్గించుకోండి.

ఇక ఇరుసు. మంచం మొత్తంలో ఎక్కువ సేపు వెచ్చించాల్సింది ఇక్కడే.

గూడు పక్క పలక మీద ఇరుసు చోటు: నేల నుంచి పద్నాలుగున్నర అంగుళాలు, గోడ నుంచి 7. చట్రం పొట్టి చెక్క మీద: వెనక అంచు నుంచి 3, కింది అంచు నుంచి రెండున్నర. ఈ నాలుగు అంకెలూ ఒకదానితో ఒకటి ముడిపడినవి. గోడ నుంచి 7 ఉంటేనే తిరిగేటప్పుడు పరుపు మూల గోడకి తగలదు, మడిచాక పరుపుకీ గోడకీ మధ్య మూడున్నర అంగుళాల గాలి సందు మిగులుతుంది. ఎత్తు పద్నాలుగున్నర ఉంటేనే దించాక పరుపు పైభాగం సరిగ్గా పద్దెనిమిది అంగుళాలకి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని చేతి ఆసరా లేకుండా లేవగలిగే ఎత్తు మా అమ్మకి అదే. మీ ఇంటివాళ్లని ఒక కుర్చీలో కూర్చోబెట్టి వాళ్లకి తగిన ఎత్తు చూసుకుని, తేడా ఎంతుంటే ఇరుసుని అంత పైకో కిందకో జరపండి. పైకి జరిపితే గూడు ఎత్తూ, కాళ్ల పొడవూ అంతే పెంచాలి.

వట్టి ప్లైవుడ్‌లో బోల్టు తిరిగితే బెజ్జం కొన్నాళ్లకి కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది, మంచం ఊగడం మొదలవుతుంది. లేతు షాపులోనో వెల్డింగ్ షాపులోనో 3 మి.మీ. మందం, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న ఇనప పట్టీలు నాలుగు కోయించి, మధ్యలో 12 మి.మీ. బెజ్జం, నాలుగు మూలలా స్క్రూ బెజ్జాలు వేయించండి. చట్రం బయటి ముఖానికి ఒకటి, గూడు లోపలి ముఖానికి ఒకటి, రెండు వైపులా అలాగే. ప్లైవుడ్‌ని ఉలితో 3 మి.మీ. లోతు చెక్కి పట్టీని అందులో పొదగాలి. పైపైన కొట్టేస్తే మనం వదిలిన రెండు నూళ్ల సందు పట్టీలకే సరిపోతుంది, వాషరుకి చోటుండదు.

రెండున్నర అంగుళాల పొడవు, 12 మి.మీ. బోల్టు. తల లోపల పరుపువైపు, నట్టు బయట. పట్టీకీ పట్టీకీ మధ్య రెండు వాషర్లు, నడుమ గ్రీజు. నట్టు లోపల నైలాన్ ఉన్నదే తీసుకోండి, మామూలుది మంచం తిరిగినకొద్దీ తిరిగి వదులవుతుంది. చట్రాన్ని గూటిలోకి ఎత్తి రెండు బెజ్జాలూ ఎదురెదురు కలపడానికి ఇద్దరు మనుషులు కావాలి. చట్రం కింద ఇటుకలు పేర్చి సరిగ్గా ఎత్తు కుదిర్చి, అప్పుడు బోల్టు దోపితే ఎవరి చేతులూ నలగవు. ఈ పని పరుపు వేయకముందే చేయండి.

కాళ్లు, గడియలు

కాళ్లు పన్నెండు అంగుళాలు. ముందు అంచు లోపల, కొసల్లో కాకుండా కొసల నుంచి అడుగేసి లోపలికి బిగించండి. కొసల్లో పెడితే మధ్యలో ఎవరైనా కూర్చున్నప్పుడు 77 అంగుళాల చెక్క ఊగుతుంది. లోపలికి జరిపితే ఆ ఊగు మూడోవంతుకి తగ్గుతుంది. రెండు కాళ్లనీ ఒక అడ్డకర్రతో కలిపి, మూడంగుళాల బందులతో తగిలించండి. బందు పట్టడానికి ప్లైవుడ్ అంచు చాలదు, లోపల మూడు బై రెండు చెక్కముక్క కలపండి.

ఇందులో ఒక అందం ఉంది. బందు ముందు అంచునే ఉంది కాబట్టి, మడిచినప్పుడు కాళ్లు పలకకి ఆనుకుని వేలాడతాయి. మంచం దించుతుంటే వాటి బరువుకి అవే నిలువుగా ఉండిపోతాయి, నేలకి ముందుగా తగిలేవి అవే. వంగి కాళ్లు లాగే పనిలేదు. కానీ నిలువుగా ఆగిన కాలు లోపలికి మడిచిపోయే ప్రమాదం ఉంది. అందుకని కాలు నిట్రంగా కాక, అర అంగుళం బయటికి వాలి, దాన్ని అక్కడే ఆపే చిన్న చెక్కకి (ఆపుడు చెక్క) ఆనుకునేలా చేయండి. అప్పుడు పైన పడే బరువు కాలుని ఆ చెక్కకే నొక్కుతుంది. దాంతోపాటు ప్రతి కాలికీ ఒక చిన్న గడియ కూడా వేయండి. పిల్లలు మంచం మీద ఎగురుతారు, ఎగరకుండా ఉండరు.

మడిచిన మంచం దానంతటది ముందుకి పడకూడదు. పలకా కాళ్లూ ముందువైపు, తేలికైన పరుపు వెనకవైపు ఉండడం వల్ల తిన్నగా నిలబెడితే చట్రం ముందుకే మొగ్గుతుంది. పై అంచు గోడవైపు ఒకటిన్నర అంగుళం వాలి ఆగేలా గూటిలో రెండు వైపులా ఆపుడు చెక్కలు కొట్టండి. అప్పుడు చట్రం వెనక్కే మొగ్గి కూర్చుంటుంది. ఆపైన కుడివైపొకటి, ఎడమవైపొకటి గడియలు. రెండూ ఒకేసారి తీస్తేనే మంచం రావాలి. ఆరేళ్ల గుంటడికి ఒక గడియ అందినా, ఆరడుగుల ఎడంలో ఉన్న రెండో గడియ అందదు.

పరుపు జారకుండా రెండు పట్టీలు కావాలి. బజారు బెల్టులు వెతక్కండి. అటక మీద పాత మంచం నవారు చుట్ట ఉంటుంది, ఉతికి, చివర బకిలు కుట్టించుకోండి. నవారంత గట్టిగా, మెత్తగా పట్టుకునేది ఇంకోటి లేదు. దిండ్లు లోపల పెట్టకండి, పట్టవు. పై పలక మీద పెట్టండి.

గోడకి బిగింపు

గూడు నిలబెట్టి రసమట్టం పెట్టండి. మన ఇళ్లలో నేల నీళ్లు పోయేవైపు వాలుగా ఉంటుంది, పల్లం వైపు పలక కింద పలచటి రేకు ముక్కలు పెట్టి మట్టం చేయండి. పై పట్టీకి నాలుగు, కింది పట్టీకి మూడు బెజ్జాలు.

ఇటుక గోడైతే ఇటుక నడుమ, సందుల్లోని సిమెంటులో కాకుండా, 10 మి.మీ. లావు నాలుగంగుళాల నైలాన్ ప్లగ్గులూ వాటి పొడుగు స్క్రూలూ వాడండి. ప్లాస్టరింగు పోగా కనీసం రెండున్నర అంగుళాలు ఇటుకలోకి దిగాలి. మన దగ్గర ఊకతో కాల్చిన నాటు ఇటుక మెత్తన, విచ్చుకునే యాంకర్ బోల్టు బిగిస్తే పగులుతుంది. కాంక్రీటు స్తంభమో దూలమో తగిలితే మాత్రం యాంకర్ బోల్టే మేలు. నాలుగున్నర అంగుళాల పలచటి గోడకీ, గుల్ల దిమ్మెలకీ, మా ఇంట్లోలాంటి సున్నం గోడకీ ఒకటే మార్గం: ఆరుపారు బెజ్జం పెట్టి, అవతలి వైపు అరచేయంత ఇనప పలక వేసి, బోల్టు దూర్చి నట్టు బిగించడం. మా అవతలి గదిలో ఆ పలకలు రెండు కనిపిస్తాయి. వాటికి కొక్కేలు వెల్డింగ్ చేయించి సంచులు తగిలిస్తున్నాం.

సన్‌మైకా, రంగు మీ ఇష్టం. ప్లైవుడ్ అంచులకి మాత్రం ఏదో ఒక పూత తప్పకుండా వేయండి, కనిపించని వెనక అంచులకి కూడా.

పడుకునే ముందు

ఎవరూ ఎక్కకముందే మంచం దించి, పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు వరసగా వేసి రాత్రంతా వదిలేయండి. గూడు పై అంచు గోడకి తగిలేచోట పెన్సిలు గీత గీసి ఉంచండి. పొద్దున్న ఆ గీత నుంచి గూడు నూలు కూడా జరగకూడదు. జరిగిందంటే బిగింపు పట్టలేదు, బస్తాలు తీసి ఆ బెజ్జాలు వదిలేసి కొత్త చోట వేయండి.

ఎత్తేటప్పుడు అంచు దగ్గర చేతికి తగిలే బరువు దాదాపు పద్దెనిమిది కిలోలు, బియ్యం బస్తా కంటే తక్కువ. పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. దించేటప్పుడు దానికి వ్యతిరేకం, కిందికి వచ్చేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి చివరి అడుగులో వదిలేయకండి. ఇంట్లో అంత ఎత్తలేని వాళ్లే ఉంటే గ్యాస్ పిస్టన్లు పెట్టించవచ్చు, కానీ అది తెలిసిన మేస్త్రితోనే. పిస్టన్ల మంచం మీద పరుపు తీసేస్తే ఎదురు బరువు లేక చట్రం విసురుగా పైకి లేస్తుంది, గడ్డానికి తగిలితే పళ్లు పోతాయి. డబుల్ కాట్ కొలతలో కావాలన్నా ఈ పద్ధతి వద్దు, దానికి తయారుగా దొరికే సెట్టు కొనుక్కోండి.

నిద్ర లేచిన వెంటనే మడిచేయకండి. ఫ్యాను కింద అరగంట ఆరనిచ్చి, అప్పుడు మడవండి. వానాకాలంలో వారానికోసారి పరుపు తీసి ఎండలో వేయండి, ఎండ లేకపోతే కనీసం గోడవైపు ముఖం తిప్పి వేయండి. దోమతెరకి గూడు పై పలక ముందు అంచున రెండు కొక్కేలు, ఎదురుగోడకి రెండు తాళ్లు చాలు.

కొన్నాళ్లకి దించేటప్పుడు కిర్రుమని చప్పుడొస్తే కంగారు పడకండి. వాషర్ల మధ్య గ్రీజు ఆరిపోయి ఉంటుంది. నట్టు వదులు చేసి, వేలికొసంత గ్రీజు రాసి, చట్రం ఒక చేత్తో తేలిగ్గా తిరిగేంత వరకే మళ్లీ బిగించండి. అప్పుడే గోడ బోల్టులూ ఒకసారి స్పానరు పెట్టి చూడండి. మా ఇంట్లో ఈ పని ఏడాదికోసారి, రథసప్తమికి ముందు వచ్చే ఆదివారం చేస్తాను. ఆ వారం నుంచే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి.